మైకు పట్టుకున్న ఆడమనిషికి పైసలెందుకు?

మైకు పట్టుకున్న ఆడమనిషికి పైసలివ్వకూడదు. ఈ మాట అనగానే కొందరికి కోపం వస్తుంది. రానివ్వండి! కోపం దిగాక నిదానంగా ఆలోచిస్తే, పైసలివ్వకపోవడమే ఆమెకు మనం చేసే అసలైన గౌరవం అని వాళ్లకే అర్థమవుతుంది.

ఇస్తే ఏమవుతుంది? ఆమె మాటకు ఒక రేటు పడుతుంది. రేటు పడితే బేరం మొదలవుతుంది. "పోయినసారి ఇంతే ఇచ్చారు, ఈసారి కొంచెం పెంచండి" అంటుంది. ఒక తల్లి, ఒక అక్క, ఒక చెల్లె నోటి నుంచి ఇలాంటి మాట వినాల్సి వస్తే సంఘం పెద్దల గుండెలు తట్టుకుంటాయా? అందుకే ఆడవాళ్ల మాట వెలకట్టలేనిది అని ముందే తీర్మానించేసుకున్నారు. వెలకట్టలేని దానికి వెల కట్టడం పాపం కదా!

సూరత్‌లో మన తెలుగు సభలకు వచ్చి, పైసలు తీసుకుని మాట్లాడేవాళ్ల జనాభా లెక్క ఎవరైనా తీశారా? తీయనక్కర్లేదు, అందరూ ఒకే మనిషిలా ఉంటారు. మగవాడు. యాభై దాటినవాడు. మార్చి ఉక్కలో కూడా కోటు విప్పనివాడు. హైదరాబాద్ నుంచి విమానంలో దిగేవాడు. ఒకప్పుడు వ్యాపారంలో దివాలా తీసినవాడు. ఈ చివరిది చాలా ముఖ్యం, దివాలా తీయనివాడు మోటివేషనల్ స్పీకర్‌గా పనికిరాడు. ఇదే ఊళ్లో మనవాళ్లుండే లింబాయత్ గల్లీల్లో దివాలా తీసినవాళ్లు ఇంటికొకరున్నారు గానీ, వాళ్లు ఇంకా దివాలాలోనే ఉన్నారు కాబట్టి స్టేజీ మీదికి పిలవరు.

మరి ఆడవాళ్లు లేరా? ఎందుకు లేరు! ప్రార్థన పాడేది వాళ్లే. దీపం వెలిగించేది వాళ్లే. ముఖ్య అతిథి ఎక్కడో ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే, జనం లేచిపోకుండా మాటలతో పట్టి కూర్చోబెట్టేది వాళ్లే. ఇదంతా ఉపన్యాసం కిందికి రాదు, ఇంటిపని కిందికి వస్తుంది. పైసలు తీసుకునే యాంకరమ్మలు ఒకరిద్దరు ఉంటారు, కానీ వాళ్లు పడుచు పిల్లలై ఉండాలి. మగ వక్తకు జుట్టు నెరిస్తే అనుభవం అంటారు, రేటు పెంచుతారు. ఆడ వక్తకు నెరిస్తే, పాపం రెస్ట్ తీసుకోనీ అంటారు. ఎంత దయ!

ఈ దయను అర్థం చేసుకోలేని మనిషి లింబాయత్‌లో ఒకామె ఉంది. పేరు జమున.

జమున ఖటోదరాలో చీరల ఫోల్డింగ్ పనికి పోతుంది. తండ్రి మరమగ్గం నడిపినవాడు. చిన్నప్పుడు అన్నం డబ్బా పట్టుకుని పోయి, ఆ మగ్గాల మోతలో తండ్రికి వినబడేదాకా పిలిచి పిలిచి ఆమె గొంతు అట్లా తయారైంది. మైకు లేకపోయినా గల్లీ చివరిదాకా వినబడుతుంది. ముసలివాళ్లతో తెలుగు, వాళ్ల మనవలతో హిందీ, కార్పొరేషన్‌వాళ్లు వస్తే గుజరాతీ, మూడూ ఒకే ఊపిరిలో తిప్పుతుంది. సంతాప సభలో ఏడిపిస్తుంది, పెళ్లిరోజు పార్టీలో నవ్విస్తుంది, నీళ్లు రాని రోజు ఆఫీసు ముందు కూర్చుని ఆఫీసరును బయటికి రప్పిస్తుంది. ఎవరికి ఏ అవసరం వచ్చినా ముందు జమునక్కను పిలవండి అంటారు.

పిలిచిన ప్రతిసారీ శాలువా కప్పుతారు. సూరత్ ఎండల్లో శాలువా! అవి పేరుకుపోయి కొన్ని కిటికీలకు కర్టెన్లయ్యాయి, కొన్ని తలగడ గలీబులయ్యాయి, జరీ అంచున్న ఒకటి ఫ్రిజ్ మీదికి చేరింది. పక్కింటి కొమురవ్వ గడపలో నిలబడి ఎకసెక్కెం చేస్తుంది.

"మీ ఫ్రిజ్‌కు గూడ సన్మానమైందా జమునా?"

నవ్వులాటే గానీ, ఇంటికి శాలువా వచ్చిన ప్రతిసారీ ఒక రోజు కూలి పోతుంది. ఫోల్డింగ్‌లో చీర మడిస్తేనే పగార్, మడవని రోజు సున్నా. పైగా నాగాలు ఎక్కువైపోయాయని, ఇంకొక్కసారి రాకపోతే బల్ల వేరేవాళ్లకు ఇచ్చేస్తానని ఫోల్డింగ్ మాస్టర్ గట్టిగానే చెప్పాడు. ఇదీ ఆమె ఇరకాటం. మాట్లాడటానికి పోతే పని పోతుంది. పనికి పోతే మాట్లాడటం పోతుంది. రెండూ ఆమెకు కావాలి. రెండూ నిలవాలంటే ఒకటే దారి కనిపించింది, మాటకు కూలి అడగడం.

మహిళా దినోత్సవం దగ్గరపడింది. నేత కుటుంబాల సంఘం అధ్యక్షుడు నరహరి స్వయంగా ఇంటికి వచ్చాడు. హైదరాబాద్ నుంచి రాంప్రసాద్ గారు వస్తున్నారని, 'నీ విలువ నువ్వే తెలుసుకో' అని ఆడవాళ్లకు బోధిస్తారని, పొద్దటి నుంచి సాయంత్రం దాకా కార్యక్రమం నడిపే బాధ్యత జమునదేనని చెప్పాడు. జమున చాయ్ పోసి ముందు పెట్టింది.

"నరహరన్నా, నాకొక్క రోజు కూలి ఇప్పియ్యి. ఎక్కువొద్దు. నాగా పెడితే పోయేది పోయినట్టు వస్తే చాలు."

నరహరి ఆ చాయ్ తాగకుండానే లేచిపోయాడు.

కమిటీ అత్యవసరంగా కూర్చుంది. అందులో అందరూ మగవాళ్లే. మహిళా దినోత్సవం కదా, ఆ రోజు గురించి ఆడవాళ్లను అడిగి ఇబ్బంది పెట్టడం ఎందుకని వాళ్లను పిలవలేదు. పెద్దాయన గంగారాం అందరికన్నా ఎక్కువ బాధపడ్డాడు.

"మన ఆడిబిడ్డ రా అది. ఇంటి మనిషి మాట్లాడితే పైసలిచ్చుడేంది? రేపు మా కోడలు గూడ మాటకింత అని అడుగుతది."

"మీ కోడలికైతే మాట్లాడకుండ ఉన్నందుకు ఇయ్యాలె కాకా" అన్నారు వెనక నుంచి ఎవరో. కమిటీ కాసేపు బాధ మరిచిపోయి నవ్వుకుంది.

నరహరి మాత్రం న్యాయం తెలిసిన మనిషి. ఊరి బయట సచిన్ ఇండస్ట్రియల్ ఏరియాలో సొంత మగ్గాలున్న మాలిక్ కాబట్టి తనకు తెలిసిన పద్ధతిలోనే న్యాయం చేయబోయాడు. మగ్గం మీద మీటరుకింత కూలి ఉంటుంది, గుడ్డలో డ్యామేజీ కనబడితే కోత ఉంటుంది. ఇక్కడా అదే పెడదామన్నాడు. నిమిషానికింత. మాట తడబడితే కోత. చెప్పిందే మళ్లీ చెబితే కోత. వింటున్నవాళ్లలో ఎవరైనా ఆవులిస్తే అది పెద్ద డ్యామేజీ. ఈ లెక్కన సభ అయిపోయేసరికి జమునే సంఘానికి ఎదురివ్వాల్సి వచ్చేట్టుంది.

కబురు పంపితే జమున వెంటనే ఒప్పుకుంది. అదే రేటు, అదే కోత రాంప్రసాద్ గారికి కూడా పెట్టమంది.

కమిటీ మళ్లీ కూర్చుంది. రాంప్రసాద్ గారికి కోతా? ఆయన ప్యాకేజీ! విమానం, హోటల్, కవరు అన్నీ కలిపి ఒకటే ముద్ద. ముద్దను విప్పి లోపల డ్యామేజీ వెతుకుతారా ఎవరైనా? ఆవులింతలు లెక్కపెడతారా?

చివరికి, ముందు నువ్వు రా, నీ సంగతి తర్వాత చూద్దాం అని కబురొచ్చింది. జమున నమ్మింది. మాటలు బాగా చెప్పేవాళ్లకు ఎదుటివాళ్ల మాటలు కూడా అంత బాగుంటాయన్న భ్రమ ఉంటుంది. పనికి నాగా పెట్టి పోయింది.

ఆ రోజు విమానం లేటు. రాంప్రసాద్ గారు వచ్చేదాకా మైకు జమున చేతిలోనే ఉంది. మగ్గాల మోతకు చెవులు మందమైపోయిన మొగుళ్ల గురించి చెప్పింది. ఇంట్లో ఉప్పు తక్కువైందని చెప్పాలన్నా కేకలేయాల్సిందే, ఆ కేకలకు కొట్లాట అనుకుని గల్లీ అంతా వచ్చి వాకిట్లో నిలబడుతుంది, చివరికి ఉప్పు పక్కింటివాళ్లే తెచ్చిస్తారు అంది. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. తర్వాత అదే గొంతుతో, ఆ చెవులు పోగొట్టుకున్నవాళ్లకు ఏ మాలికైనా ఒక్క పైసా ఇచ్చాడా అని అడిగింది. నవ్వు ఆగిపోయింది.

అప్పుడు కోటు వచ్చింది. కోటులో రాంప్రసాద్ గారు వచ్చారు. అందరినీ లేపి, పక్కనున్నవాళ్ల భుజం తట్టి 'నువ్వు అమూల్యం' అని చెప్పమన్నారు. చెప్పారు. మీ విలువకు తగినది మీకు దొరకడం లేదని ఎంతమంది అనుకుంటున్నారు, చేతులెత్తండి అన్నారు. హాలు హాలంతా లేచింది చేతులతో. అయితే అడగండి, అడగనిదే ఎవరూ ఇవ్వరు, ఇప్పుడే ఇక్కడే ఒకరు లేచి అడగండి అన్నారు.

జమున లేచింది.

"సార్, పొద్దటి సంది నేనే మాట్లాడుతున్న. మీ దాంట్ల వాటా కాదు, నా కూలి నాకు, ఒక్క రోజుది, సంఘాన్ని అడుగుతున్న."

రాంప్రసాద్ గారు నిజంగానే పొంగిపోయారు. ఇంతటి ధైర్యం తాను ఏ నగరంలోనూ చూడలేదన్నారు. ఈ సోదరి కోసం గట్టిగా చప్పట్లు కొట్టమన్నారు. హాలు మోగిపోయింది. ఆ మోతలోనే నరహరి లేచి వచ్చి, అంత ధైర్యంగా కూలి అడిగినందుకు జమునకు శాలువా కప్పాడు. ఫొటో దిగారు. కవరు రాంప్రసాద్ గారికి ఇచ్చారు.

మరునాడు ఖటోదరాలో ఆమె బల్ల దగ్గర వేరే మనిషి చీరలు మడుస్తోంది. మాస్టర్ తలెత్తి చూడలేదు.

ఇక్కడే జమున గొప్పతనం చూడాలి. ఇంకొకరైతే సంఘాన్ని తిట్టుకునేవాళ్లు. ఆమె షేర్ ఆటోలో మూలకు ఒదిగి కూర్చుని తన తప్పేమిటా అని వెతుక్కుంది. దొరికింది కూడా! మగ్గాల హాలులో పనివాడు పోయి నేరుగా మాలిక్‌ను కూలి అడుగుతాడా? అడగడు. నడుమ ఠేకేదారు ఉంటాడు. మాలిక్ ఠేకేదారుకు ఇస్తాడు, ఠేకేదారు తన వాటా తీసుకుని మిగిలింది పనివాడికి ఇస్తాడు. ఆమె తండ్రి బతికినన్నాళ్లూ మాలిక్ చేతి నుంచి నేరుగా ఒక్క నోటు అందుకోలేదు. అలాంటి ఇంట్లో పుట్టి, ఈ మాత్రం మర్యాద తెలియకుండా పోయి పోయి మాలిక్‌నే అడిగింది. సిగ్గుపడాల్సింది ఎవరు?

ఆటో దిగి సరాసరి ఓంకార్ దుకాణానికి పోయింది. ఓంకార్‌ది మొన్నటిదాకా టెంట్ హౌస్. కుర్చీలు, సౌండ్ బాక్సులు అద్దెకిచ్చేవాడు. ఇప్పుడు బోర్డు మార్చి ఈవెంట్ మేనేజ్‌మెంట్ అని రాయించాడు. జమునను అత్తా అంటాడు. సంఘం వార్షికోత్సవానికి సౌండుతో పాటు యాంకర్‌ను కూడా కలిపి కొటేషన్ పంపమంది.

"నా దగ్గర యాంకర్ యాడుంది అత్తా?"

"నేను లేనా?"

ఓంకార్ నవ్వాడు. "నరహరి కాక నిన్ను గుర్తుపడ్తడు."

"పట్టనీ. బిల్లు నీ పేరు మీదుంటే నా మొఖం ఎవ్వలు చూడరు."

కొటేషన్ పోయింది. కమిటీ దాన్ని ఒక చాయ్ తాగేలోపు పాస్ చేసింది. నిమిషాలు ఎవరూ అడగలేదు. తడబాటుకు కోత ఎవరూ పెట్టలేదు. ఆడిబిడ్డ అన్న మాట ఎవరికీ గుర్తు రాలేదు. ప్యాకేజీ కదా!

వార్షికోత్సవం రోజు జమున ఓంకార్ కారులో దిగింది. మార్చిలో 'ఏమ్మా' అని పిలిచిన నరహరి ఎదురొచ్చి 'మేడమ్' అన్నాడు. నీళ్ల బాటిల్ మూత తీసి మరీ అందించాడు. జమున కొత్తగా ఏమీ చెప్పలేదు, అదే చెవుడు, అదే ఉప్పు, అదే గల్లీ. ముందు వరుసలో గంగారాం కళ్లు తుడుచుకుంటూ నవ్వి పక్కవాడికి చెప్పాడు.

"ప్రొఫెషనల్ అంటే ప్రొఫెషనలే రా. మనోళ్లకు గిట్ల యాడొస్తది?"

సభ ముగిసింది. నరహరి అక్కడికక్కడే ఓంకార్‌కు ఫోన్లోనే బిల్లు మొత్తం కొట్టేశాడు. తర్వాత జమునను స్టేజీ పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, బిల్లు కొంచెం ఎక్కువైందని, వచ్చేసారికి ఓంకార్‌కు నువ్వే ఒక మాట చెప్పి రేటు తగ్గించమని బతిమాలాడు. ఎంతైనా ఆమె చెబితే వింటాడు కదా!

"మాటనా?" అంది జమున. "నాతోని మాట చెప్పియ్యాలంటే ఓంకార్‌తోనే మాట్లాడాలె నరహరన్నా. ఆయన కొటేషన్ పంపుతడు."

ఇంటికి పోయే దారిలో ఓంకార్ కారు ఆపి లెక్క చెప్పాడు. సౌండు, లైట్లు, కారు, ట్యాక్సు, తన వాటా, తన దుకాణం పేరు వాడుకున్నందుకు ఇంకొంచెం. అన్నీ పోగా మిగిలింది జమున చేతిలో పెట్టాడు. సరిగ్గా ఒక రోజు కూలి. వచ్చేసారి ఈ వాటా సంగతి మాట్లాడుకుందాం అల్లుడా అంది ఆమె, నోటు మడిచి కొంగున కట్టుకుంటూ. ఓంకార్ కారు స్టార్ట్ చేసి, వేగం కొంచెం ఎక్కువే పెంచాడు.

ఇప్పుడు చెప్పండి. సంఘంవాళ్లు పిసినారులని, ఆడవాళ్లకు ఇవ్వాలంటే చేతులు రావని ఆడిపోసుకునేవాళ్లకు కళ్లున్నాయా? ఆమె అడిగింది ఒక్క రోజు కూలి. ఆ ఒక్క కూలి ఆమె చేతిలో నేరుగా పెట్టాల్సిన అవమానం తప్పించుకోవడానికి, దానికి ఎన్నో రెట్లు, కిక్కురుమనకుండా ఒక మగవాడికి కట్టారు. పిసినారులు చేసే పనేనా ఇది?