కోతల టైర్లు

"నేరమనేది నా పేరు వినగానే ఈ హాంకాక్ ఊరొదిలి సరస్సులో దూకి చచ్చిందిరా, ఎమిల్!" అని ప్రకటిస్తూ, అపరాధ పరిశోధక చక్రవర్తి వైనో కాంగస్ గరాజులోకి గంభీరంగా అడుగుపెట్టాడు. ఆ అడుగు గడప దగ్గర మంచు మీద జర్రున జారింది. చక్రవర్తి చతికిలబడ్డాడు.

"డిటెక్టివన్నవాడు నున్నటి తోలుబూట్లే వేసుకోవాలి. అడుగుల చప్పుడు వినపడకూడదు," అన్నాడు లేస్తూ.

"నువ్వు పడ్డ చప్పుడు పక్క వీధిక్కూడా వినపడింది," అన్నాడు ఎమిల్.

ఎమిల్ చర్చిలో ఆర్గన్ వాయిస్తాడు. ఇన్నేళ్లూ బుద్ధిగా బతికి, మొన్న వేసవిలో ఎర్ర స్పోర్ట్స్ కారొకటి కొన్నాడు. అందులో ఇద్దరే పడతారు, ఇంజను తిప్పేది వెనక చక్రాల్నే. ఊరంతా పికప్ ట్రక్కులు తోలేచోట అదేం బుద్ధో! ఇప్పుడు మోకాలిలోతు మంచు పడింది. పొద్దున్నే అతని భార్య ఐలా తేల్చి చెప్పేసింది.

"ఇవాళ శనివారం. కొండ మీద మా అమ్మ ఆవిరిస్నానానికి సౌనా వేడి చేస్తోంది. ఈ బండి నన్ను కొండ మీదికి తీసుకెళ్లిందా, సరే. లేదంటే సోమవారం దీన్ని అమ్మేసి పికప్ కొంటున్నాం."

ఎమిల్‌కి ప్రాణం విలవిల్లాడింది. కారుకి ఉన్నవి లావుపాటి, నిగనిగలాడే టైర్లు. పాత యజమాని ఇచ్చిన ఇంకో నాలుగు, సన్నగా, దిక్కుమాలినట్టు మూలన పడున్నాయి. ఏవి ఉంచాలి? టైర్ల సంగతి ఎప్పుడూ ఐలాయే చూసుకునేది. ఇప్పుడు ఆమెనడిగితే పరువు పోతుందని వైనోని పిలిచాడు. వైనోకి కారు లేదు, లైసెన్సు లేదు, తన తెలివి మీద అనుమానం అంతకన్నా లేదు.

వైనో భూతద్దం తీసి మూలనున్న టైరు మీదికి వంగాడు. వెంటనే కెవ్వుమన్నాడు.

"హత్యాయత్నం!"

"ఎవరి మీద?"

"నీ మీదేరా అమాయకుడా! రబ్బరంతా సన్నటి బ్లేడు కోతలు చూడు. నాలుగింటికీ! పక్కన ముద్ర కూడా కొట్టారు. కొండ, దాని మధ్యలో మంచుపువ్వు. రహస్య ముఠా గుర్తు!"

"ఆ గుర్తు ఊళ్లో చాలా బళ్ల మీద చూశానురా."

"ముఠా పెద్దది మరి!" వైనో గొంతు తగ్గించాడు. "బండి కొండెక్కకపోతే ఎవరికి లాభం? పికప్ కావాలన్నదెవరు?"

"ఐలానా? మాంసం కూరిన పాస్టీలు చేసిపెట్టే చెయ్యిరా అది!"

"ఆ చేత్తోనే కదా కత్తి పట్టేది!"

ఎమిల్ సగమే నమ్మాడు. అయినా లావుటైర్ల మీద మనసుండటంతో కోతల టైర్లు ప్రమాదమేనని తలూపేశాడు. ఏ టైర్లూ మార్చలేదు.

మధ్యాహ్నం ఐలా ఒళ్లో పాస్టీల బుట్ట పెట్టుకుని కార్లో కూర్చుంది. వైనో నిఘా వేస్తానని ముందే కొండెక్కి, మధ్య మలుపులో కాపు కాశాడు. కారు సగం ఎక్కింది. వెనక చక్రాలు గిర్రున తిరిగాయి, తోక ఎడమకి ఊగింది, కుడికి ఊగింది. బండి కొండకి వీపు చూపించి కిందిదాకా జారి, మంచుగుట్టలో ముక్కు గుచ్చింది.

"కుట్ర!" అంటూ పరుగెత్తుకొచ్చిన వైనో, కారును కూడా దాటేసి వీపు మీద జారిపోయాడు.

"సోమవారం," అంది ఐలా. ఎమిల్ స్టీరింగుని బిడ్డని నిమిరినట్టు నిమిరాడు.

పైనుంచి ఐలా తల్లి హిల్మా పార భుజాన వేసుకుని చకచకా దిగొచ్చింది. ఇంకో చేతిలో పాత బూట్ల జత.

"ఏవయ్యా డిటెక్టివూ, పొద్దుట్నుంచీ కిటికీలోంచి నీ పడటాలే చూస్తున్నా. ఇవి మా ఆయనవి. తొడుక్కో, నిన్ను చూడలేక చస్తున్నా!"

వైనో ఆ బూట్లు తొడుక్కుని ఆధారాల కోసం మళ్లీ కొండెక్కాడు. మలుపు దగ్గర ఆగి, ఒక కాలెత్తి, అడుగున భూతద్దం పెట్టాడు.

"ఎమిల్! ముఠా మీ మామగారినీ వదల్లేదురా! ఇక్కడా అవే కోతలు!"

ఎమిల్ కళ్లప్పగించి చూశాడు. గడప దాటితే పడే మనిషి, గట్టిపడిన మంచు మీద, ఒంటికాలి మీద, కొంగలా నిలబడ్డాడు! జారడంలేదు! ఆ కోతలే మంచుని పట్టుకుంటున్నాయి!

"ఓరి నీ కోతలు బంగారం గానూ!" అంటూ ఎమిల్ పార అందుకున్నాడు.

కారు తవ్వి తీసి, కొండ కిందే ఉన్న తమ ఇంటికి నడిపించి, సన్నటైర్లు నాలుగూ తనే బిగించాడు. ఐలా చప్పుడు చేయకుండా ఇసుక మూటొకటి తెచ్చి డిక్కీలో పడేసింది.

"కొండా పువ్వూ గుర్తుందంటే మంచు టైర్లే. వెనక బరువుంటే ఇంకా పట్టు దొరుకుతుంది లెండి."

"నీకు ఇదంతా ముందే తెలుసా?"

"అడిగితే చెప్పేదాన్నే కదండీ. మీరు డిటెక్టివుని పిలిచారు."

పొద్దున ఈ మనిషినే అనుమానించానా అని ఎమిల్‌కి సిగ్గేసింది. ఆమె కోసం తలుపు తీసి పట్టుకున్నాడు. బండి నెమ్మదిగా, ఎక్కడా తోక ఊపకుండా కొండెక్కింది.

"సోమవారం నన్ను ఇందులోనే పనికి దింపండి," అంది ఐలా.

సౌనాలో ఆవిరి మధ్య వైనో గొంతు సవరించుకున్నాడు. "కేసు తేలిపోయింది! ఈ ముఠా బూట్లు కుట్టేవాళ్లది. రేపు ఊళ్లో ప్రతి బూటూ తనిఖీ చేస్తా!"

హిల్మా కాలుతున్న రాళ్ల మీద ఇంకో చెంబుడు నీళ్లు పోసింది. వైనో గొంతు ఆవిరిలో కలిసిపోయింది.

చల్లబడ్డాక వైనో వెళ్లొస్తానని లేచాడు. కోతల బూట్లు కీలకమైన సాక్ష్యం కదా, గుడ్డలో భద్రంగా చుట్టి చంకలో పెట్టుకున్నాడు. తన నున్నటి తోలుబూట్లు తొడుక్కుని, చప్పుడు కాకుండా తలుపు దాటాడు.

ఆ తర్వాత చప్పుడు కొండ కిందిదాకా వినపడుతూనే ఉంది.