మ్యూచువల్ ట్రాన్స్‌ఫర్

ఆ ఉదయం గుమాస్తా వేసుకున్న పథకం చిన్నది. అందరికంటే ముందు ఆఫీసు చేరడం, బదిలీ దరఖాస్తు సూపరింటెండెంటు బల్లమీద పెట్టడం, ఆయన చదివే వేళకి రికార్డు గదిలో దూరడం. అంతే.

రిటైరు కావడానికి ఆరేళ్ళుంది. ఆ ఆరేళ్ళూ ఈయన కిందే గడిస్తే పెన్షను తీసుకోవడానికి మనిషి మిగలడని గుమాస్తా నమ్మకం. సూపరింటెండెంటు తిట్టడు. తిట్టినా బాగుండును. రాసిన ప్రతి ఉత్తరానికీ స్కేలు పెట్టి మార్జిను కొలుస్తాడు. వెంట్రుకవాసి తేడా వస్తే, మళ్ళీ రాసేదాకా కుర్చీ వెనక నిలబడి మెడమీద ఊపిరి వదులుతుంటాడు.

మామూలు బదిలీకి పలుకుబడి కావాలి. అది లేనివాడికి మ్యూచువల్ ఉంది. రెండు ఊళ్ళలో ఒకే హోదాలో ఉన్న ఇద్దరు ఒకే దరఖాస్తు మీద సంతకాలు పెడితే, ఒకరి కుర్చీలోకి ఒకరు వెళ్ళవచ్చు. ఆ మాటకి అర్థం భార్యకి ఓపిగ్గా చెప్పాడు.

"ఇద్దరికీ ఇష్టం ఉండాలి. ఒకరికే ఉంటే అది మ్యూచువల్ కాదు."

"మన పెళ్ళినాటికి ఈ రూలు రాలేదు కాబోలు," అని ఆవిడ బట్టలు ఆరేయడానికి వెళ్ళిపోయింది.

నెల్లాళ్ళు ఫోన్లు చేయగా అవతలి ఊళ్ళో ఒక గుమాస్తా దొరికాడు. అతనెందుకు కదలాలనుకుంటున్నాడో ఇతను అడగలేదు. అడిగితే తన సంగతీ చెప్పాల్సి వస్తుంది. మా సారు దేవుడని ఇతనన్నాడు. మా సారు వెన్నముద్ద అని అతనన్నాడు. అంత మంచివాళ్ళని వదిలి పోవడమెందుకన్న అనుమానం ఇద్దరికీ రావలసింది. అవసరం ఉన్నవాడికి అనుమానం రాదు.

దరఖాస్తు బల్లమీద పెట్టాడో లేదో ఫోను మోగింది. అవతలి గుమాస్తా. మీ సారు స్కేలు పట్టుకుని మనుషుల్ని కాల్చుకు తింటాడటగా, నా సంతకం వెనక్కి తీసుకుంటానన్నాడు. గుమాస్తా ఫోను రెండు చేతులా పట్టుకున్నాడు.

"గిట్టనివాళ్ళ మాటలు వినకండి గురువుగారూ. ఆయన నాకు తండ్రిలాంటివాడు. జ్వరమొస్తే ఇంటికొచ్చి నుదుటిమీద చెయ్యేసి చూశాడు. ఆయన్ని వదిలి పోవాలంటే ప్రాణం పోతోంది. ఏం చేస్తాం, మా ఆవిడకి ఇక్కడి నీళ్ళు పడటంలేదు."

అవతలివాడు మెత్తబడ్డాడు. గుమాస్తా ఫోను పెట్టి వెనక్కి తిరిగాడు. గుమ్మంలో సూపరింటెండెంటు నిలబడి ఉన్నాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో ఆయన గురించి ఒక మంచి మాట ఎవరూ అనలేదు. ఎదురుగా కూడా అనలేదు. జ్వరం చూడటానికి తను ఎప్పుడు వెళ్ళాడో ఆయనకీ గుర్తులేదు. అయినా వెళ్ళే ఉంటాననుకున్నాడు. మార్జిను కొలవకుండానే సంతకం పెట్టి, సాయంత్రం మీ ఆవిణ్ణి చూడటానికి ఇంటికొస్తానన్నాడు.

గుమాస్తా మధ్యాహ్నమే ఇంటికి పరుగెత్తాడు. భార్య బీరువా ఒక్కతే జరుపుతూ కింద ఊడుస్తోంది. నీకు జబ్బు చేసిందని, సాయంత్రానికల్లా మంచమెక్కాలని చెప్పాడు.

"ముప్పై ఏళ్ళలో ఒక్కరోజు పడుకోమన్న పాపాన పోలేదు. ఇదీ మీ సారు కోసమేనా?"

అన్నదే గాని, మంచమెక్కాక వదల్లేదు. మండే ఎండలో దుప్పటి కప్పుకుని, ఆగి ఆగి మూలిగింది. సూపరింటెండెంటు పళ్ళు పట్టుకొచ్చి తలదగ్గర కూర్చున్నాడు. ఆవిడకి నటన రుచి తెలిసింది.

"నా బాధదేముందండీ. మీలాంటి పెద్దదిక్కు అక్కడెవరుంటారని ఈయనకి ఒకటే బెంగ. అన్నం సయించడంలేదు."

గుమాస్తా కళ్ళతోనే వద్దన్నాడు. ఆవిడ కళ్ళు మూసుకుని ఉంది. సూపరింటెండెంటు కళ్ళు తుడుచుకున్నాడు. లేచి, గుమాస్తా భుజం నొక్కి వెళ్ళిపోయాడు.

మూడు వారాలకి ఆర్డరొచ్చింది. గుమాస్తా సామాను కట్టుకుని కొత్త ఊళ్ళో దిగాడు. ఆఫీసు బాగుంది. కిటికీ పక్క కుర్చీ ఇచ్చారు. సూపరింటెండెంటు గది మాత్రం ఖాళీగా ఉంది. ఎక్కడికెళ్ళారని అడిగితే, నిన్ననే బదిలీ మీద వెళ్ళిపోయారని టైపిస్టు చెప్పింది. మీ ఊరికి బదిలీ అయిన తన గుమాస్తా ఫోనులో తనని అంతగా పొగుడుతుంటే విని, అలాంటివాణ్ణి ఒంటరిగా పంపలేక అతని వెంటే వెళ్ళాడట. ఆయన పోయాక ఆఫీసంతా ఊపిరి పీల్చుకుంటోందని కూడా చెప్పింది.

మరి ఆయన చోటికి ఎవరొస్తున్నారని గుమాస్తా అడగబోతుండగా మెడమీద వెచ్చగా ఊపిరి తగిలింది.

"నిన్నొక్కణ్ణీ పంపడానికి మనసొప్పలేదోయ్," అన్నాడు సూపరింటెండెంటు. "ఇక్కడి సారుతో మాట్లాడాను. వెంటనే ఒప్పుకున్నాడు. మ్యూచువల్ అంటే మరేమిటి? ఇద్దరికీ ఇష్టం ఉండాలి. నీకూ ఉంది, నాకూ ఉంది."

మ్యూచువల్ మీద వచ్చినవాళ్ళు ఏడేళ్ళదాకా మరో బదిలీ అడగరాదని ఆర్డరు చివరి పేరాలో ఉంది.