పదమూడో కచేరీ

లిఫ్ట్ మెకానిక్ ఆ ఉదయం పళ్ళు తోముకుంటూ ఒక నిర్ణయానికి వచ్చాడు. ఈసారి తన అభిమాన పాటగాడి కచేరీకి వెళ్ళకూడదు. ఇంత చిన్న నిర్ణయానికి అతనికి పదకొండు రోజులు పట్టింది. ఇరవై అంతస్తుల మేడలో లిఫ్టు తాళ్ళు మార్చడానికి కూడా అతను నాలుగు రోజులకు మించి ఎప్పుడూ తీసుకోలేదు.

ఆ పాటగాడు తన పాటలు తానే రాసుకుని, తానే బాణీ కట్టుకుని, తానే గిటారు వాయిస్తూ పాడతాడు. అంతవరకూ ఎవరికీ పేచీ లేదు. కానీ ఒక కచేరీలో గంటసేపు జనానికి వీపు పెట్టి గోడకేసి పాడాడు. ఇంకో కచేరీలో పాట మధ్యలో ఆగి, కళ్ళు మూసుకుని, ఇరవై నిమిషాలు ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మెకానిక్ ఇంటికొచ్చి, "మౌనం కూడా పాటే, తెలుసా?" అని భార్యకు బోధించాడు. "అలాగైతే మా నాన్న ఎంత పెద్ద గాయకుడో" అందామె.

అతను ఇప్పటికి పన్నెండు కచేరీలు చూశాడు. చూడని రోజుల్లో వింటాడు. పొద్దున గడ్డం గీసుకుంటున్నా, రాత్రి పళ్ళేలు కడుగుతున్నా ఇంట్లో అదే గొంతు. పన్నెండోసారి భార్యను కూడా బతిమాలి తీసుకెళ్ళడమే అతను చేసిన పొరపాటు. పాట మంచి పట్టులో ఉండగా ఆమెకు దగ్గొచ్చింది. ఒక్కటంటే ఒక్క దగ్గు. పాటగాడు టక్కున ఆపేసి, ఆమె వైపు వేలు చూపించి, అప్పటికప్పుడు ఆ దగ్గు మీద పాట కట్టి పాడాడు. హాలు హాలంతా పగలబడి నవ్వింది. ఆమె తలెత్తలేకపోయింది.

"హాలు నవ్వింది, సరే. పక్కనే కూర్చుని మీరూ నవ్వారు" అన్న మాట ఆ ఇంట్లో ఎనిమిది నెలలుగా వినిపిస్తోంది. రోజూ కాదు, అవసరమైన రోజుల్లో తప్పకుండా. అతను నవ్విన మాట నిజమే.

అందుకే ఆ ఉదయం రాజ్యం వదులుకుంటున్న వాడిలా ప్రకటించాడు. "నేను ఇవాళ కచేరీకి వెళ్ళడం లేదు. టికెట్టు మీ తమ్ముడికి ఇచ్చేశాను. ఆరింటికల్లా ఇంట్లో ఉంటా. ఇద్దరం అలా నడిచొద్దాం."

"నిజంగానా?"

"నా మీద నమ్మకం లేదా?"

"ఉంటే అడుగుతానా?" అందామె. కానీ ముఖం విప్పారింది. ఎనిమిది నెలల తర్వాత ఆ ముఖం అలా చూసి, ఏం పోయినా సరే ఈ మాట మాత్రం పోగొట్టుకోకూడదనుకున్నాడు మెకానిక్.

సాయంత్రం అయిదుకు ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. "కచేరీ హాల్లో లిఫ్ట్ మధ్యలో ఆగిపోయింది. లోపల మనిషున్నాడు. అర్జెంటుగా వెళ్ళు."

"ఆ హాలుకి తప్ప ఎక్కడికైనా వెళ్తానండీ."

"ఆగింది ఆ హాల్లోనేనయ్యా!"

భార్యకు ఫోన్ చేశాడు. ఆమె ఎత్తలేదు. అయిదు నిమిషాల పనికి ఇంత రాద్ధాంతం ఎందుకు, ఇంటికెళ్ళాక చెబుదాంలే అనుకున్నాడు. మగవాళ్ళ కష్టాల్లో సగం ఈ 'తర్వాత చెబుదాంలే' దగ్గరే పుడతాయి. సంచీ భుజాన వేసుకుని హాలు వెనక తలుపు గుండా లోపలికి వెళ్ళాడు. అదే సమయానికి ముందు తలుపు దగ్గర టికెట్టు చూపిస్తున్న బావమరిది అతన్ని చూశాడు. ఆ బావమరిది నోట్లో నువ్వుగింజ నానదు. వెంటనే అక్కకు ఫోన్ కొట్టాడు.

"అక్కా, బావ ఇక్కడే ఉన్నాడే! నాకు టికెట్టిచ్చి, తను దొడ్డిదారిన దూరాడు!"

అది పాతకాలపు లిఫ్టు, ఇనుప ఊచల తలుపుది. మొదటి అంతస్తుకీ రెండో అంతస్తుకీ నడుమ ఆగి ఉంది. మెట్ల మీంచి చూస్తే లోపలి మనిషి బూట్లు సరిగ్గా మెకానిక్ కళ్ళకెదురుగా ఉన్నాయి. ఒకటి నలుపు, ఒకటి గోధుమ రంగు. ఆ బూట్లు ఎవరివో అతను అడగక్కర్లేదు. రెండు కాళ్ళకీ ఒకే రంగు ఎందుకుండాలి అని ఈ లోకంలో ఇంకెవరు ఆలోచిస్తారు? భక్తితో ఆ బూట్లకే దణ్ణం పెట్టాడు.

పైకెళ్ళి మోటారు చూశాడు, బాగానే ఉంది. తాళ్ళు చూశాడు, దిట్టంగా ఉన్నాయి. కిందకొచ్చి ఊచల్లోంచి తొంగిచూస్తే అసలు సంగతి తెలిసింది. లోపలున్న ఎర్ర బొత్తాం నొక్కి ఉంది.

"గురువుగారూ, లిఫ్టు మీరే ఆపారా?"

"ఉష్! గట్టిగా అనకు నాయనా. ఒక్క అరగంట నన్నిలా వదిలెయ్. ఎవరికీ చెప్పకు."

మెకానిక్‌కు ఒళ్ళు పులకరించింది. లోపల ఒక పాట పురుడు పోసుకుంటోంది, తాను బయట మంత్రసానిగా నిలబడ్డాడు! అంతలో హాలు మేనేజరు రొప్పుకుంటూ వచ్చి, "ఏమైందండీ?" అన్నాడు. లిఫ్టు విషయంలో జీవితంలో ఎన్నడూ అబద్ధమాడని మనిషి నేల చూపులు చూస్తూ, "తాడు కాస్త చూడాలండీ" అన్నాడు.

ఆ మాట మెట్లు దిగేలోపే మేనేజరు నోట్లో పెరిగి పెద్దదైంది. అతను వేదికెక్కి మైకందుకుని, "ఎవరూ కంగారు పడకండి! లిఫ్టు తాడు ఇంకా తెగలేదు!" అని ధైర్యం చెప్పాడు. ఆ పాటగాడి అభిమానులు కంగారు పడే రకం కాదు. "ఈసారి గాల్లో వేలాడుతూ పాడతాడన్నమాట! ఎంత ఆలోచన!" అంటూ చప్పట్లు కొడుతూ మెట్ల మీదకు ఎగబడ్డారు. మేనేజరు పరిగెత్తుకొచ్చి, చేతులు బార్లా చాచి వాళ్ళను కింద మెట్టు దగ్గరే ఆపాడు.

అప్పుడే మెకానిక్ ఫోన్ మోగింది.

"ఎక్కడున్నారు?"

"పనిలో."

"ఆ చప్పట్లేంటి?"

"అదీ... లిఫ్టు బాగైందని జనం కొడుతున్నారు."

"ఇన్నేళ్ళలో మీ పనికి ఒక్కడూ చప్పట్లు కొట్టలేదే!" అని ఆమె ఫోన్ పెట్టేసింది.

పావుగంటలో ఆమె వచ్చింది. ముఖం చూడగానే అభిమానులు దారిచ్చారు. మేనేజరు చాచిన చేతులు కూడా వాటంతటవే కిందకి దిగాయి. ఆమె ఒక్కో మెట్టే ఎక్కి భర్త ఎదుట నిలబడింది.

"నేను పాట వినడానికి రాలేదు. పనిమీదొచ్చాను" అన్నాడతను.

"మరి పనైందా?"

"కాలేదు."

"లిఫ్టుకేమైంది?"

ఒకవైపు లోపల గురువుగారు, ఒకవైపు ఎదురుగా భార్య. మెకానిక్ ఊచల వైపు చూశాడు. గోధుమ రంగు బూటు, వద్దు వద్దన్నట్టు అటూ ఇటూ ఊగింది. ఆమె వైపు చూశాడు. పొద్దున విప్పారిన ముఖం ఇదేనా అనిపించి, గొంతు తగ్గించి నిజం చెప్పేశాడు.

"లిఫ్టుకేం కాలేదు. ఆయనే ఆపుకున్నారు. చెప్పొద్దంటే అందరికీ అబద్ధం చెప్పాను, నీక్కూడా. ఆ రోజు నవ్వడం కూడా నా తప్పే. నీకు ఎంత బాధేసిందో తెలిసీ నవ్వాను."

ఆమె కొంగు బిగించి బూట్ల వైపు తిరిగింది. "ఏమయ్యోయ్! దగ్గినందుకు అందరి ముందూ నా పరువు తీశావు. ఇప్పుడు మా ఆయన చేత అబద్ధాలాడిస్తున్నావా? మర్యాదగా బయటికి రా!"

"ఈసారి నాటకం కూడా పెట్టారు!" అని కింద ఎవరో మెచ్చుకున్నారు. మళ్ళీ చప్పట్లు.

లోపల మోకాళ్ళు వంగాయి. ఊచల మధ్య పాటగాడి ముఖం కనిపించింది. అతను గుసగుసగా, "ఆ దగ్గు మీదేనా తల్లీ?" అన్నాడు.

"నాదే. ఏం?"

"ఎనిమిది నెలలుగా మీకోసమే వెతుకుతున్నాను. ఆ రోజు మూడో చరణం మర్చిపోయాను. చెమటలు పోస్తున్నాయి. మీరు దగ్గారు, ప్రాణం లేచొచ్చింది. ఆ దగ్గే లేకపోతే నా బతుకు బజారున పడేది."

మెకానిక్ ఊచల దగ్గరికి జరిగి అడిగాడు. "మరి ఆ ఇరవై నిమిషాల మౌనం?"

"ఎంతకీ గుర్తు రాలేదు."

"గోడకేసి పాడటం?"

"కాగితం గోడకి అంటించుకున్నా."

"బూట్లు?"

పాటగాడు తన కాళ్ళకేసి చూసుకుని, "అయ్యో" అన్నాడు.

మెకానిక్ మెట్టు మీద కూలబడ్డాడు. పన్నెండు కచేరీల భక్తి తాడు తెగిన లిఫ్టులా కిందికి పోయింది.

"ఇవాళ మొదటి పాటే గుర్తు రావడం లేదమ్మా. కాగితాలు ఇంట్లో వదిలేశాను. అందుకే ఇందులో దాక్కున్నా" అన్నాడు పాటగాడు.

"ఏ పాట?"

"గొడుగు పాట."

ఆమె చాకలిపద్దు చదివినట్టు మొదలుపెట్టింది. "వానకు గొడుగు పట్టాను, వానే తడిసిపోయింది. ఇల్లు వెతుక్కుంటూ వస్తే, గుమ్మం నన్ను మరిచింది. తర్వాత రెండో చరణం..." మూడు చరణాలూ ఆగకుండా అప్పజెప్పింది. "చివర్లో మూడుసార్లు సాగదీస్తావు. రెండుసార్లు చాలు."

"ఇవన్నీ మీకెలా..."

"మా ఇంట్లో ఏళ్ళ తరబడి ఇదే మోత. నాకు రాకపోతే ఇంకెవరికొస్తుంది?"

ఎర్ర బొత్తాం పైకి లేచింది. లిఫ్టు బుద్ధిగా రెండో అంతస్తుకు చేరింది. వేదిక పక్కన తెర వెనక ఒక కుర్చీ పడింది. మరిచిన చోటల్లా మాట అందించడానికి ఆమె అందులో కూర్చుంది. మెకానిక్ కూడా వెంట నడవబోతే మేనేజరు అడ్డొచ్చాడు. "మీరెక్కడికండీ? తాడు బాగాలేదన్నది మీరే కదా? పైన దాని దగ్గరే కూర్చోండి. కచేరీ అయ్యేదాకా కదలొద్దు."

పైన మోటారు గదిలో, నిక్షేపంలాంటి తాళ్ళకు కాపలాగా అతను రెండున్నర గంటలు కూర్చున్నాడు. పాట వినిపించలేదు, చప్పట్లు మాత్రం వినిపించాయి. అసూయ పడ్డాడు. అంతలోనే, ఆ చప్పట్లలో సగం తన భార్యవని తట్టి ఛాతీ కూడా ఉప్పొంగింది. ఎవరికీ చెప్పుకునే వీలు లేదు, అదొక్కటే బాధ.

మర్నాడు పత్రికలో రాశారు: 'రెండున్నర గంటలు ఒక్క తిక్క పనీ చేయకుండా పాడాడు. ఇంతకు మించిన తిక్క అతని చరిత్రలోనే లేదు.' ఆమె దాన్ని రెండుసార్లు చదివి మడిచి దాచుకుంది. తర్వాత పొరుగూళ్ళ కచేరీలకు కూడా ఆ కుర్చీకి పిలుపులు రావడం మొదలైంది. గొడుగు పాట చివర ఇప్పుడు రెండుసార్లే సాగుతోందట.

వచ్చే నెల మళ్ళీ ఇదే హాల్లో కచేరీ. మెకానిక్ వెళ్ళాలా వద్దా అన్నది ఆమె ఇంకా నిర్ణయించలేదు.