నెపోలియన్ వరుసలో సోమేశ్వరరావు

సోమవారం ఉదయం సోమేశ్వరరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆఫీసుకు వెళ్లాలి, గురువారం నుంచి మూడు రోజులు సెలవు అడగాలి, ఎందుకో చెప్పకుండా బయటపడాలి. మొలలకు ఆపరేషన్ అని ఒక్క మాట అంటే సరిపోయేదే. కానీ మాదాపూర్ బండల మధ్య కొత్తగా లేచిన ఆ అద్దాల మేడలో, రెండువేల సంవత్సరం వచ్చేలోపు అమెరికా కంప్యూటర్లలో తేదీలు సరిదిద్దే ఆ కుర్రకారులో, యాభై దాటినవాడు అతనొక్కడే. వాళ్ల కాగితాలు తప్పుల్లేకుండా చూసే పెద్దాయనగా అక్కడ అతనికి కాస్త గౌరవం ఉంది. ఈ జబ్బుతో అది పోతుందని భయం. ఇంట్లో చెప్పుకుందామంటే భార్య నీలమ్మ పోయి నాలుగేళ్లయింది.

కూకట్‌పల్లి డాక్టరు మాత్రం ఖచ్చితంగా చెప్పాడు. "గురువారం పన్నెండింటికి వచ్చి చేరండి. రెండుసార్లు వాయిదా వేశారు. ఈసారి తప్పితే నెల రోజులు నేను ఊళ్లో ఉండను. రక్తం ఇలాగే పోతుంటే మీరూ ఉండరు."

మాట కరుకైనా దయగల డాక్టరే. రోగులు సిగ్గుపడకూడదని బయటి గది గోడకు ఒక కాగితం అతికించాడు: 'మొలలతో బాధపడ్డారని చెప్పుకునే ప్రముఖులు'. నెపోలియన్. మత సంస్కర్త మార్టిన్ లూథర్. ఆఫ్రికా లోపలి దారులన్నీ నడిచిన లివింగ్‌స్టన్. ఈ జబ్బు వల్ల విశ్రాంతి తీసుకుంటున్నట్టు పత్రికలకే చెప్పించిన అమెరికా అధ్యక్షుడు కార్టర్. కూర్చోలేక గోడ పక్కన నిలబడ్డ సోమేశ్వరరావు అది చదివి నోరు తెరిచాడు. తాను మాదాపూర్‌కు ఆటో ఎక్కడానికే వణికిపోతున్నాడు. ఆ నెపోలియన్ మహానుభావుడు గుర్రం ఎక్కాడు! యుద్ధానికి వెళ్లాడు!

ధైర్యం కోసం ఆ నాలుగు పేర్లూ ఒక కాగితం మీద రాసుకున్నాడు. ఎవరైనా చూస్తే బాగుండదని పైనున్న శీర్షిక వదిలేశాడు. చివర మనసు ఊరుకోక తన పేరు కూడా రాశాడు. లూథర్, లివింగ్‌స్టన్‌ల వరుసలో తన పేరు చూసుకుంటే నొప్పి అణా వంతు తగ్గినట్టనిపించింది.

ఆ కాగితమే సెలవు చీటీ వెనక పిన్నులో ఇరుక్కుని మేనేజరు మధుసూదన్ బల్ల మీదకు చేరింది.

మధుసూదన్‌ది అనంతపురం. మంచివాడు. శనివారాలు బేగంపేటలో వ్యక్తిత్వ వికాసం క్లాసుకు వెళ్తాడు. నీలో ఉన్న గుణమే ఉన్న నలుగురు గొప్పవాళ్ల పేర్లు రాసి, కింద నీ పేరు రాసుకు రమ్మని ఆ గురువుగారు ఇంటిపని ఇచ్చాడు. రెండు వారాలుగా మధుసూదన్ మొదటి పేరు దగ్గరే పెన్ను నములుతున్నాడు.

"ఏం సోమేశ్వరరావు గారూ, మీరు గూడా మా క్లాసుకు పోతాండారా? చెప్పనేలేదే!" అన్నాడు కాగితం ఊపుతూ.

సోమేశ్వరరావు కాగితం కోసం చెయ్యి చాపాడు. "అదండీ... ఊరికే..."

"ఊరికేనా? నెపోలియన్ కింద పేరు రాసుకునేదానికి ఎంత గుండె ఉండల్ల! ఈ నలుగురికీ మీకూ ఉండే గుణమేంది సార్?"

సోమేశ్వరరావు అబద్ధం ఆడటం ఎరగడు. నిజమైన మాటే వెతికాడు. "ఓర్పండీ. లోపల ఎంత బాధ ఉన్నా పైకి చెప్పుకోకపోవడమండీ."

మధుసూదన్ కళ్లు చెమర్చాయి. లేచి నిలబడ్డాడు. "కూర్చోండి సార్."

"వద్దండీ."

"అదే చూస్తాండా. వారం నుంచీ మీరు కూర్చోడమే లేదు. ఎందుకు సార్?"

"కూర్చుంటే పని చెయ్యలేనండీ."

ఆ మాటను మధుసూదన్ డైరీలో రాసుకున్నాడు. సెలవు చీటీని మాత్రం వెనక్కి ఇచ్చేశాడు. "గురువారం అమెరికా నుంచి హెండర్సన్ వస్తాండాడు, మనకు పనిచ్చే కంపెనీ ఆయన. ఆయన ఇంకో పని మనకిస్తే నలభై మందికి ఇంకో ఏడాది జీతం. మీ మాదిరి మనిషి ఆ పొద్దు లేకుంటే ఎట్ల?"

మంగళవారానికి ఆ జాబితా రంగుల ప్రింటులో, చెక్క చట్రంలో, ముందు గదిలోకి వచ్చింది. నెపోలియన్, లూథర్, లివింగ్‌స్టన్, కార్టర్, బి. సోమేశ్వరరావు. దాని కింద ఖాళీ. ఆ ఓర్పు తమలోనూ ఉందనుకునేవాళ్లు సంతకం పెట్టొచ్చని మధుసూదన్ చెప్పాడు. అందరికన్నా ముందు తనే పెట్టాడు.

కడప నుంచి వచ్చిన సుష్మ పెన్ను పట్టుకుని సోమేశ్వరరావు దగ్గరికొచ్చింది. "సార్, నా పేరు గూడా రాసుకోవచ్చా?"

"వద్దమ్మా! చిన్నపిల్లవి, నీకు లేదమ్మా."

"పెద్దోళ్లకే ఉంటాదా సార్? మా ఇంట్లో అందరికన్నా నాకే ఎక్కువ. కావాలంటే మా అమ్మనడగండి."

"దేవుడి దయవల్ల నీకు రాకూడదమ్మా!" అన్నాడు సోమేశ్వరరావు చేతులు జోడించి. ఆ పిల్ల నొచ్చుకుని వెళ్లి పెద్ద అక్షరాలతో సంతకం చేసింది. సాయంత్రానికి సంతకాలు ఇరవై మూడయ్యాయి. సోమేశ్వరరావు ఎదురుపడితే కుర్రాళ్లు పక్కకు తప్పుకుని దారి ఇస్తున్నారు.

బుధవారం మధుసూదన్ ఇంకో అడుగు వేశాడు. కూర్చుంటే పని జరగదని పెద్దాయన చెప్పాడు కాబట్టి కుర్చీలన్నీ గోదాములో పెట్టించాడు. ఆ సాయంత్రం ఆఫీసు ఊడ్చే చంద్రమ్మ చీర కొంగు చాటున ఏదో తెచ్చింది.

"సారూ, ఇగో గాలి దిండు. మా ఆయిన పెంటయ్యది. ఆయినకు గిట్లనే ఉండె."

"ఏది?" అన్నాడు సోమేశ్వరరావు గొంతు తగ్గించి.

"నాకేం తెల్వదు సారు. వారం సంది నిలవడి చాయ్ తాగుతున్నరు, గంతే. మా ఆయిన గూడ చెప్పక చెప్పక దవాఖానల పడ్డడు. జర చెప్పుకోన్రి."

ఎవరూ అడగని ప్రశ్నకు జవాబులా ఉంది ఆ దిండు. సోమేశ్వరరావు దాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. వేసుకోవడానికి కుర్చీ లేదు గానీ, ప్రాణం కొంచెం కుదుటపడింది.

గురువారం పదిన్నరకు హెండర్సన్ వచ్చాడు. అరవై ఏళ్ల భారీ మనిషి. ముందు గదిలో జాబితా దగ్గర ఆగిపోయాడు. మొదటి నాలుగు పేర్లూ చదివాడు, మళ్లీ చదివాడు. కింది సంతకాలు వేలితో లెక్కపెట్టాడు. తరవాత లోపలికి చూశాడు. ఇంత పెద్ద హాలులో ఒక్క కుర్చీ లేదు. నలభై మంది నిలబడి పని చేస్తున్నారు.

ఆయన నెమ్మదిగా టోపీ తీశాడు.

"ఇంతమందికా?" అన్నాడు గుసగుసగా.

"ఔను సార్. ఇంకా పేరు రాయనోళ్లు గూడా ఉండారు," అన్నాడు మధుసూదన్ గర్వంగా, తన ఇంగ్లీషులో.

"మీకు ఎప్పటి నుంచి?"

"చిన్నప్పటి నుంచీ సార్. మా నాయన దగ్గర్నుంచి వచ్చింది. ఇంట్లో అందరికీ ఉంది."

"అయినా పోయినసారి గడువు కన్నా ముందే పని ఇచ్చారు!" హెండర్సన్ టోపీని గుండెకు ఆనించుకున్నాడు. "నేను పదకొండేళ్లు నా భార్యకు కూడా చెప్పలేదు. మీరు గోడకు కట్టారు." పెన్ను తీసి, చివరి సంతకం కింద తన పేరు రాశాడు. తరవాత చేతిసంచీలోంచి ఒక మందు గొట్టం తీసి మధుసూదన్ చేతిలో పెట్టాడు. "ఇది మీ దేశంలో దొరకదేమో. రోజుకు రెండుసార్లు. ఆ నాలుగు పేర్లూ మా డాక్టరు గోడ మీద కూడా ఉన్నాయి."

మధుసూదన్ గొట్టం మీది అక్షరాలు చదివాడు. జాబితా వైపు చూశాడు. చివరికి గోడకు ఆనుకుని నిలబడ్డ సోమేశ్వరరావు వైపు చూశాడు.

నలభై మంది జీతాలు ఆ చూపు మీద ఆగి ఉన్నాయి. ఇప్పుడు ఇక్కడ ఎవరికీ మొలలు లేవంటే హెండర్సన్ ఒక్కడే ఆ జబ్బుతో ఆ గోడ మీద మిగులుతాడు.

సోమేశ్వరరావు గోడను వదిలి ముందుకొచ్చాడు. "ఆ జబ్బు నాకండీ," అన్నాడు ఇంగ్లీషులో, అందరికీ వినబడేలా. "వీళ్లు నా మీద గౌరవంతో పేర్లు రాశారు. ఇవాళ పన్నెండింటికి నాకు ఆపరేషన్. సిగ్గుపడి చెప్పలేకపోయాను."

ఎవరూ నవ్వలేదు. సుష్మ మాత్రం పైట చెంగు కళ్లకు అద్దుకుంది. హెండర్సన్ ఇంకోసారి హాలంతా చూశాడు. "ఒక మనిషి బాధకు ఇంత ఆఫీసు లేచి నిలబడిందా?" అన్నాడు. అంతకన్నా మర్యాదైన వివరణ తనకెలాగూ తోచదని మధుసూదన్ తల ఊపాడు. ఆ తల ఊపుతూనే సెలవు చీటీ అడిగి, మూడు కొట్టేసి పది అని రాసి సంతకం పెట్టాడు.

డాక్టరు దగ్గరికి తనే దింపుతానని, మాట్లాడవలసినదంతా కారులో మాట్లాడుకుందామని హెండర్సన్ అన్నాడు. చల్లటి కారు. సోమేశ్వరరావు కింద పెంటయ్య దిండు, హెండర్సన్ కింద అమెరికా దిండు. కూకట్‌పల్లి గతుకులన్నీ దాటేసరికి పని ఖాయమైంది. డాక్టరు గది బయట, ఆ కాగితం ఎదురుగా, ఇద్దరూ పక్కపక్కనే నిలబడ్డారు, గుడిలో నిలబడ్డట్టు.

పది రోజుల సెలవు అయ్యాక సోమేశ్వరరావు తిరిగొచ్చాడు. కుర్చీలు వచ్చేశాయి. చట్రం అక్కడే ఉంది, అందులో సంతకాలు ముప్పై ఒకటయ్యాయి. పేరు తీసెయ్యమని అడిగింది అతనొక్కడే, నయమైపోయింది కాబట్టి ఇక తనకు అర్హత లేదని.