మేష్టారికి వెయ్యమన్న కోటు

ఆ ఆదివారం పొద్దున దర్జీ వేసుకున్న పథకం చాలా చిన్నది. ముందురోజు తెచ్చిన కుక్కపిల్లను ఇంట్లోని ముసలి కుక్కకు పరిచయం చెయ్యాలి, అంతే. ముసలి కుక్క పేరు మేష్టారు. కళ్ళ చుట్టూ కళ్ళజోడు లాంటి నల్లమచ్చలు, ఎవరేం చేసినా మార్కులు తగ్గించేటట్టు ఓ చూపు. అందుకే మొగుడూ పెళ్ళాలిద్దరూ "మేష్టారు తిన్నారా?", "మేష్టారు చెప్పు కొరికేశారు" అనేవారే తప్ప ఏనాడూ ఏకవచనం వాడలేదు.

భార్య పెట్టిన షరతు మాత్రం పెద్దది. "మేష్టారు ఒప్పుకుంటేనే ఈ పిల్ల ఉండేది. సాయంత్రంలోగా దీని మీద గుర్రుమన్నారో, ఎక్కణ్ణించి తెచ్చారో అక్కడికే!"

నిన్నటి నుంచీ పిల్ల అతని ఒళ్ళోనే నిద్రపోతోంది. దాన్ని వదులుకోవడం తన వల్ల కాదని అతనికి అప్పుడే తెలిసిపోయింది.

పశువుల డాక్టరు ఓ ఉపాయం చెప్పాడు. ముందు వాసన అలవాటు చెయ్యాలి, ఆ తర్వాతే మొహాలు చూపించాలి. దర్జీ పాత తువ్వాలుతో పిల్లను తల నుంచి తోక దాకా తుడిచి, ముసలి కుక్కకు ఇద్దామని, వాసన పోకుండా కాగితపు సంచిలో పెట్టి, బట్టలు కత్తిరించే బల్ల మీద ఉంచాడు. పక్కనే కుర్చీ మీద, రిటైరైన లెక్కల మేష్టారి పాత కోటు ఉంది. మర్నాడు పాత విద్యార్థుల సభకు ఆయన దాన్నే తొడుక్కోవాలి. పొట్ట దగ్గర వదులు చెయ్యడం అయిపోయింది, ఆయనకి ఓసారి వేసి చూడటమే మిగిలింది. కోటు నిండా ఆయన మోకాళ్ళకు రాసుకునే మందు వాసన.

ఇంతలో పెరట్లో పిల్ల బకెట్లో పడింది. దర్జీ పరిగెత్తాడు. సరిగ్గా అప్పుడే వాకిట్లో లెక్కల మేష్టారి దగ్గు వినిపించింది. దర్జీ పెరట్లోంచే కేకేశాడు.

"ఇదుగో! బల్ల మీదది మేష్టారికిచ్చెయ్! కుర్చీ మీదది మేష్టారికి వెయ్యి!"

అతని ఉద్దేశంలో మొదటి మేష్టారు కుక్క, రెండో మేష్టారు మనిషి. భార్యకు తలకిందులుగా అర్థమైంది. ఇవ్వడం మనిషికి, వెయ్యడం కుక్కకి కదా మరి! సంచీ తీసి ఆయన చేతిలో పెట్టింది.

"వేసి చూడక్కర్లేదామ్మా?"

"ఇచ్చెయ్యమన్నారండీ."

"కొలత మీద అంత నమ్మకమన్నమాట!" అని మురిసిపోతూ ఆయన వెళ్ళిపోయారు. ఆవిడ కోటును ఎవరో వదిలేసిన పాతదనుకుని తీసుకెళ్ళి వరండాలో కుక్కకు పరిచింది. "ఆ పిల్ల కోసం రేపు నా మంచం కూడా ఇచ్చేస్తారు కాబోలు" అని సణుక్కుంది.

పిల్లను ఆరబెట్టి దర్జీ లోపలికి వచ్చేసరికి కుక్క హాయిగా ఓ నిద్ర తీసింది. తువ్వాలు మీదేననుకుని సంతోషంగా తొంగిచూసిన దర్జీకి దాని గడ్డం కింద గుండీలు కనిపించాయి. "ఓసి నీ ఇల్లు బంగారం గానూ! అది కోటే!" అని చెయ్యి పట్టుకు లాగాడు. కోటు చెయ్యి. మేష్టారు గుర్రుమన్నారు.

"విన్నారా?" అంది భార్య.

"అది నా మీద! పిల్ల మీద కాదు. లెక్కలోకి రాదు!"

ఆ వాదన తేలకముందే లెక్కల మేష్టారు భుజాన తువ్వాలుతో తిరిగొచ్చారు. "ఏమయ్యా, నా కోటుకి చేతులేవి? జేబులేవి? ఈ కంపేమిటి?"

"అది మీది కాదండీ, మేష్టారిది."

"మరి నేనెవర్ని?"

దర్జీ చూపు వరండా వైపు పోయింది. అక్కడ తన కోటు మీద పడుకున్న కుక్కను ఆయనా చూశారు. కళ్ళ చుట్టూ ఉన్న మచ్చల్నీ చూశారు.

"ఆహా! నా కోటూ ఇచ్చారు, నా పేరూ ఇచ్చారు. పెన్షను కూడా రాసిమ్మంటారా?"

"గౌరవంతోనే పెట్టామండీ. ఎప్పుడూ మీరు అనే అంటాం" అంది భార్య.

ఆయన కుర్చీలో కూలబడ్డారు. పిల్ల దర్జీ చేతుల్లోంచి జారి, తువ్వాలులో తన వాసన పసిగట్టి, తిన్నగా ఆయన ఒళ్ళోకెక్కింది. ముసలి కుక్క లేచింది. దర్జీ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

కుక్క వచ్చి ఆయన మోకాళ్ళు వాసన చూసింది. ఇంతసేపూ అది పడుకున్నది ఆ మందు వాసనలోనే. డాక్టరు ఉపాయం అక్షరాలా పనిచేసింది, కాకపోతే మనవాళ్ళ కింద అది ముందుగా జమకట్టుకున్నది లెక్కల మేష్టారిని. ఆయన పాదం మీద గడ్డం ఆనించి, ఆయన ఒళ్ళోంచి వేలాడుతున్న చిన్న తోకను ఓసారి నాకి, ఈయన తెచ్చిందైతే ఉండనీ అన్నట్టు కళ్ళు మూసుకుంది.

ఆయన లేవబోయారు. రెండూ కుయ్యిమన్నాయి. కూర్చుండిపోయారు.

"ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పాను. నా ముందు ఇంత బుద్ధిగా ఎవరూ కూర్చోలేదయ్యా" అన్నారు.

"మేష్టారు ఒప్పుకున్నట్టే" అని భార్య పిల్లకు పాలగిన్నె తేవడానికి లోపలికి వెళ్ళింది. దర్జీకి ఆనందంతో కళ్ళు చెమర్చాయి. గబగబా కోటు దులిపి, ఇస్త్రీ చేసి, కుర్చీ పక్కన పట్టుకుని నిలబడ్డాడు.

"సిద్ధమండీ! మీరు లేవడమే ఆలస్యం."

"ష్! ఉండవయ్యా, ఆయన ఇప్పుడే పడుకున్నారు."

కోటు సిద్ధంగా ఉండి, తొడుక్కునేవారి వల్ల ఆలస్యం జరగడం ఆ దర్జీ అనుభవంలో అదే మొదటిసారి.