సృష్టికర్తగారి కడుపునొప్పి

ఒక పెద్ద అడవిలో, పెద్దదంటే తప్పు చేసినవాడు దాక్కోవడానికే కాదు, దర్జాగా కుర్చీ వేసుకుని కూర్చోవడానికి కూడా చోటున్నంత పెద్ద అడవిలో, చుక్కమ్మ అనే అడవికోడి ఉండేది. దానికి నాలుగు పిల్లలు. మూడింటిని కొండచిలువ మింగేసింది. తల్లి కళ్ళ ముందే, ఒకదాని వెనక ఒకటి.

మిగిలిన పిల్లని రెక్క కింద పెట్టుకుని చుక్కమ్మ సభకి పోయింది.

సభకి పెద్ద ఎలుగుబంటి. ఇప్పపూల మత్తు దిగితే న్యాయం, దిగకపోతే వాయిదా. పక్కన సభ్యుడు జింకయ్య. ఏ తీర్మానానికైనా అందరికంటే ముందు తలూపేది ఆయనే. ఆ మధ్య ఆయన పెద్దకొడుకు కనపడకుండా పోయాడు. "పక్క అడవికి చదువుకి పంపించాం" అని చెప్పుకు తిరిగేవాడు. పరువు మరి!

"అయ్యా, కొండచిలువ మింగేసింది. నా పిల్లలేరీ?" అంది చుక్కమ్మ.

కొండచిలువ తరఫున ఉడుము వకీలు లేచాడు. ఉడుముకి నాలుక చీలి ఉంటుంది కదా, అది చదువెక్కువై అలా అయిందని చెప్పుకునేవాడు.

"ఈవిడ మింగడం అంటోంది. చదువు లేని మాట. దీన్ని సృష్టి అంటారు" అన్నాడు.

సభ నోళ్ళు తెరిచింది. ఉడుము సాక్ష్యానికి వలస కొంగని పిలిచాడు. ఆ కొంగకి ఎండాకాలం గ్రీసులో ఇళ్ళ పొగగొట్టాల మీద కాపురం, చలికాలం ఆఫ్రికాలో. ఆ ఏడు గాలికి దారి తప్పి ఇక్కడ దిగింది.

"ఆఫ్రికాలో, కాంగో వైపు, లోకాన్ని ఎవరు పుట్టించారంటారు?"

"బుంబా అనే దేవుడండి. మొదట్లో చీకటీ నీళ్ళూ తప్ప ఏమీ లేవట. ఆయనకి కడుపులో నొప్పొచ్చి కక్కాడట. సూర్యుడొచ్చాడు, చంద్రుడొచ్చాడు, చిరుతపులి, మొసలి..."

"గ్రీసులో?"

"అక్కడ క్రోనస్ అని ఒకాయన. తన పిల్లల్ని పుట్టినవాళ్ళని పుట్టినట్టే మింగాడు. తరవాతెప్పుడో కక్కాడు. కానీ ఆయన సృష్టికర్త కాదండీ, ఆయన..."

"చాలు! అడిగినంతే చెప్పు" అని ఉడుము సభ వైపు తిరిగాడు. "విన్నారా? ఒకచోట కక్కడం, ఇంకోచోట మింగి కక్కడం. మధ్యలో ఎడారులూ సముద్రమూ ఉన్నా, ఇద్దరు దేవుళ్ళూ కడుపు దగ్గర కలిశారు! మా కొండచిలువగారు మొదటి సగం పూర్తి చేశారు. రెండో సగానికి మీరు ఓపిక పట్టాలి."

"అబ్బబ్బ, ఎంత చదువో!" అని జింకయ్య తలూపాడు.

"మరి నా పిల్లలేరీ?"

"కూర్చోవమ్మా, తయారవుతున్నారు" అని ఎలుగుబంటి విసుక్కున్నాడు.

అక్కడికక్కడే తీర్మానం అయిపోయింది. కొండచిలువ అడవికి సృష్టికర్త. ఇంటికో పిల్లని సృష్టికి పంపాలి. మొదటి వంతు, ఫిర్యాదు తెచ్చింది కాబట్టి, చుక్కమ్మదే. ఆ సాయంత్రమే.

చుక్కమ్మ కాళ్ళీడ్చుకుంటూ వాగు దగ్గరికి పోయింది. కొంగ అక్కడే ఒంటికాలి మీద నిలబడి ఉంది.

"కొంగన్నా, ఆ గ్రీసు పిల్లలకి తల్లి లేదా?"

"లేకేం! ఆఖరి పిల్లాణ్ణి దాచేసి, రాయికి గుడ్డలు చుట్టి మొగుడి చేతికిచ్చింది. వాడు చూడకుండా మింగాడు."

"ఈ ముక్క సభలో చెప్పావు కాదేం?"

"అడగలేదు తల్లీ. వలసొచ్చినవాణ్ణి, అడగనిది చెబితే ఉండనిస్తారా?"

చుక్కమ్మ వాగులోకి దిగింది. పిల్లంత రాయి ఒకటి వెతికింది, మొనలు తేలినది. తన రొమ్ము ఈకలు పీక్కుని తుమ్మజిగురుతో దానికి అంటించింది. కొండచిలువకి కళ్ళకంటే వెచ్చదనం బాగా తెలుస్తుంది. అందుకని పొద్దు వాలేదాకా ఆ రాయిని పొదిగింది. నలుగుర్నీ అలాగే పొదిగింది మరి, ఆ పని దానికి కొత్త కాదు.

బతికున్న పిల్లని ముళ్ళపొదలో దాచి, రాయిని తెచ్చి సభలో పెట్టింది. కొండచిలువ గుటుక్కుమనిపించింది. చూడను కూడా లేదు. గొప్పవాళ్ళు తినేది చూసుకోరు.

కాసేపటికి మెలికలు తిరగడం మొదలెట్టింది.

"అమ్మో, నా కడుపు! వైద్యుణ్ణి పిలవండర్రా!"

ఉడుము ఎగిరి గంతేశాడు. "నొప్పి! బుంబాగారికి వచ్చిన నొప్పే! ఎవరూ మందివ్వకండి, సృష్టి చెడిపోతుంది!"

"నాకు సృష్టీ వద్దు గిష్టీ వద్దు, చస్తున్నాను!"

"తొలికాన్పు ప్రభూ, ఓర్చుకోవాలి" అన్నాడు ఎలుగుబంటి, డప్పులు వాయించమని సైగ చేస్తూ.

చివరికి కొండచిలువ కక్కింది. ముందు రాయి వచ్చింది. "గ్రీసులోనూ రాయే ముందొచ్చిందండి" అని కొంగ నోరు జారింది. ఇంకేం, సభంతా ఆ రాయికి సాష్టాంగపడింది. తరవాత తడిసిన ఈకలు వచ్చాయి. ఆ తరవాత ఒక చిన్న గిట్ట, ఒక పక్క కాస్త చిట్లినది.

జింకయ్య తల ఊగడం ఆగిపోయింది.

"ఇది... మావాడిది."

"కాదండీ, ఇప్పుడే పుట్టిన గిట్ట" అన్నాడు ఉడుము.

"మరి మిగతా వాడేడీ?" అన్నాడు జింకయ్య. పొద్దున చుక్కమ్మ అడిగిన గొంతుతోనే అడిగాడు.

"వస్తారు, వస్తారు. ఎంతదాకా వచ్చారో చూస్తానుండండి" అని ఉడుము కొండచిలువ నోట్లో తల పెట్టాడు. అప్పటికి దాని కడుపు ఖాళీ. నోరు మూసుకుంది.

ఎలుగుబంటి గొంతు సవరించుకున్నాడు. "వకీలుగారు రెండో సగం పరిశీలించడానికి లోపలికి వెళ్ళారు. బయటికి వచ్చేదాకా సభ వాయిదా." అని ఇప్పచెట్ల వైపు నడిచాడు.

చుక్కమ్మ తడి ఈకల్ని ఒక్కొక్కటే ముక్కుతో ఏరుకుని, పొదలో పిల్లని పిలుచుకుని బయల్దేరింది. వెనకాల జింకయ్య మెల్లగా వచ్చాడు.

"చుక్కమ్మా, ఇంట్లో చిన్నది ఉంది. ఆ రాయి ఎక్కడ దొరుకుతుంది?"

"వాగులో ఉంటాయి జింకయ్యగారూ. ఎవరి బిడ్డంత రాయి వాళ్ళే వెతుక్కోవాలి."

నీతి: దేవుళ్ళ కథ సగం తెలిస్తే పదవి దొరుకుతుంది, ఆఖరిదాకా తెలిస్తే పిల్ల దక్కుతుంది.