నాగమణి టీచరు స్వేచ్ఛాభిప్రాయం

తరగతి గదుల్లో డిజిటల్ పరికరాల వాడకంపై ఉపాధ్యాయులు తమ అభిప్రాయాలను పూర్తి స్వేచ్ఛగా తెలపాలనీ, ఆ స్వేచ్ఛను సాయంత్రం నాలుగులోగా యాప్‌లో వినియోగించుకోవాలనీ, వినియోగించుకోనివారిపై చర్యలు తప్పవనీ ఉత్తర్వు వచ్చింది.

రాజోలు దగ్గరి ఒక బడిలో లెక్కలు చెప్పే నాగమణి టీచరును ఇరవై రెండేళ్ల సర్వీసులో అభిప్రాయం అడగడం ఇదే మొదలు. ఆవిడ మురిసిపోయి, భిన్నాల లెక్క సగంలో ఆపి ఫోను తీసింది. డిజిటల్ ప్యానెల్ వల్ల పిల్లలకు కలిగిన మేలెంత? మేలు, చాలా మేలు, చెప్పలేనంత మేలు. ఆవిడ మూడోది నొక్కింది. ప్యానెల్ పాడవుతుందని హెడ్మాస్టరు సత్యనారాయణమూర్తిగారు ఏడాదిగా దానికి దుప్పటి కప్పి ఉంచారు కనుక, నిజంగానే చెప్పలేం.

చివర ‘ఇతర అభిప్రాయాలు’ అన్న గడి ఉంది. హాజరు ఫొటో, మధ్యాహ్న భోజనంలో గుడ్డు ఫొటో, మరుగుదొడ్డి ఫొటో పంపేసరికి పాఠానికి వేళ మిగలడం లేదని ఆవిడ రాయబోయింది. గడిలో ఒక్క మాటే పట్టింది.

"‘బాగుంది’ అని కొట్టేయండి నాగమణిగారూ! మండలంలో మనమే మిగిలేమండి," అన్నారు హెడ్మాస్టరుగారు.

కొట్టేసింది. పది రోజులకు ఆవిడను ఉత్తమ డిజిటల్ ఉపాధ్యాయినిగా ఎంపిక చేశారు.

అమలాపురంలో సన్మానం. "రేపటి పౌరుడు వేలికొస నుంచే ఉదయిస్తాడు!" అని విద్యాశాఖ అధికారిగారు గర్జించి, శాలువా కప్పి, మైకు ఇచ్చారు. ఉద్యోగం పోతే పోనీ, ఇవాళ చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేననుకుంది నాగమణి.

"అయ్యా, ప్యానెళ్లు వద్దని నేననడం లేదండి. ఆరో తరగతి పిల్లలకి సగమెంతో, పావెంతో తెలీడం లేదండి. నా రెండు చేతులూ ఫొటోలకే చాలడం లేదు. సుద్దముక్క ఏ చేత్తో పట్టుకోనండీ?"

హాల్లో నాలుగు వందల ఫోన్లు ఆవిడ వైపే లేచి ఉన్నాయి. తర్వాత చప్పట్లు మోగిపోయాయి. అధికారిగారు లేచి మరీ కొట్టారు. విన్నారు, చాలు అనుకుని నాగమణి కళ్లు తుడుచుకుంది.

మర్నాడు స్టాఫ్‌రూములో ఇంగ్లీషు టీచరు షైనీ ఎదురొచ్చింది.

"మేడమ్, మీ వీడియో అదిరిపోయిందండి! చీర ఎక్కడ తీసుకున్నారండి?"

"నేను చెప్పింది విన్నావా అమ్మా?"

"ఆయ్... వీడియో తీస్తున్నాను కదండీ, వినడానికి ఖాళీ ఏదండీ?"

"పోనీ, వీడియోలో విన్నావా?"

"అందులో పాట కలిపేనండి. ఉత్త మాటలైతే ఎవరు చూస్తారండీ?"